నర్సింగు ప్రవేశ పరీక్షకు మన పిల్లలు

(రైల్వే, తపాలా ఉద్యోగుల పిల్లల కొరకు ఏర్పాటైన నర్సింగు ప్రవేశ పరీక్షా శిక్షణ తరగతుల ప్రారంభ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక నుండి నేను వేతన సంఘాల గురించి, కరువు భత్యం గురించి, పని గంటల గురించి ఎన్నో పర్యాయాలు మాట్లాడాను. ఈనాడు మాట్లాడవలసిన విషయం వేరు. నేను బి.ఎ. చదివినవాణ్ణి, జీవశాస్త్రం నాకు రాదు. మీకు పాఠం చెప్పేందుకు అర్హులైన ఉపాధ్యాయులు వచ్చారు. వారు మాట్లాడవలసిన చోట నేనెందుకు నిలబడ్డానంటే, ముందుగా నేను చేసిన ఒక పొరపాటును మీ అందరి ఎదుట ఒప్పుకోవలసియున్నది.

2023 వేసవికి ముందు మాట. మన సెక్షనులో పనిచేసే ఒక గాంగ్‌మన్ సోదరుడు తన కుమార్తెను వెంటబెట్టుకొని యూనియను కార్యాలయానికి వచ్చాడు. అమ్మాయి ఇంటర్మీడియట్ బై.పి.సి. చదువుతున్నది, మొదటి సంవత్సరం మార్కులు బాగున్నాయి. నర్సింగు చదువుతానంటున్నది. "ఎంసెట్‌కు దరఖాస్తు పెట్టాలా?" అని తండ్రి అడిగాడు. నేను ఏమాత్రం తడుముకోకుండా, "నర్సింగుకు ఎంసెట్ దేనికయ్యా! అది డాక్టరీకి, ఇంజనీరింగుకు. నర్సింగు సీటు ఇంటరు మార్కులతోనే వస్తుంది. రుసుము దండుగ" అన్నాను. మా చెల్లెలి కూతురు పదేళ్ళ క్రితం అలాగే చేరింది. నాకు తెలిసినది అదే. ఆ సంవత్సరం తెలంగాణలో బి.ఎస్సి. నర్సింగు కన్వీనరు కోటా సీట్లు ఎంసెట్ ర్యాంకు మీద భర్తీ అయ్యాయి. ఆ అమ్మాయికి మార్కులు వచ్చాయి, ర్యాంకు లేదు. మళ్ళీ కార్యాలయానికి వచ్చి నా బల్ల ఎదుట నిలబడి, "పరీక్ష లేదన్నారు కదా బాబాయ్" అన్నది. మరొక్క మాట అనలేదు. అంతకంటె పెద్ద అభియోగపత్రం నా ఉద్యోగ జీవితంలో నాకెవ్వరూ ఇవ్వలేదు.

ఒక సంవత్సరమంటే మన ఇండ్లలో ఏమిటో మీకు తెలుసు. ఆడపిల్ల ఒక సంవత్సరం ఇంట్లో ఉన్నదంటే బంధువులకు సంబంధాలు గుర్తుకు వస్తాయి. ఆమె తండ్రి నిలబడ్డాడు. ఆ అమ్మాయి పగలు ఒక మందుల దుకాణంలో పనిచేసి, సాయంకాలం చదువుకొని 2024లో పరీక్ష వ్రాసి సీటు తెచ్చుకున్నది. ఈనాడు మీకు పంచిన అభ్యాస ప్రశ్నలలో సగం ఆమె వ్రాసి పంపినవే. ఆమె ఇక్కడ లేదు, వార్డులో ఉన్నది.

ఇక నియమాల సంగతి. భారతీయ నర్సింగు మండలి 1947 నాటి చట్టం క్రింద ఏర్పడిన సంస్థ. బి.ఎస్సి. నర్సింగు పాఠ్యక్రమాన్ని సవరిస్తూ ఆ మండలి చేసిన నిబంధనలు 2021లో వెలువడినాయి. ప్రవేశ పరీక్షలో వచ్చిన ప్రతిభను బట్టియే ఎంపిక జరగాలని అందులో ఉన్నది. పరీక్ష నూరు మార్కులకు; భౌతిక శాస్త్రం 20, రసాయన శాస్త్రం 20, జీవశాస్త్రం 20, ఆంగ్లం 20, నర్సింగు వృత్తి పట్ల అభిరుచిని పరీక్షించే ప్రశ్నలు 20. ఇది మండలి చూపిన నమూనా. రాష్ట్రాలు, విశ్వవిద్యాలయాలు దీనిని తమ తమ పద్ధతులలో అమలు చేస్తున్నాయి. కొన్నిచోట్ల ప్రత్యేక పరీక్ష, కొన్నిచోట్ల అప్పటికే ఉన్న ఉమ్మడి పరీక్షలోని ర్యాంకు. కనుక పక్క రాష్ట్రంలోని మేనమామ చెప్పిన మాట, పోయిన ఏడు వ్రాసిన అక్క చెప్పిన మాట, చివరకు యూనియను కార్యదర్శి చెప్పిన మాట కూడ నమ్మవద్దు. ఆ సంవత్సరపు ప్రకటనను స్వయంగా, మొదటి పుట నుండి చివరి పుట దాకా చదవండి. ఇంజను డ్రైవరు బండి ఎక్కే ముందు కాషన్ ఆర్డరు తీసుకొని చదువుతాడు. నిన్న ఇదే దారిలో పోయాను గదా అని ఏ డ్రైవరూ దానిని చదవకుండా సంతకం పెట్టడు.

అర్హత సామాన్యమైనదే. ఇంటరులో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు, ఆంగ్లం ఉండాలి. ఆ విజ్ఞాన శాస్త్రాలలో మొత్తం మీద 45 శాతం రావాలి. షెడ్యూల్డు కులాలకు, తెగలకు సడలింపు ఉన్నది. చేరే సంవత్సరం డిసెంబరు 31 నాటికి 17 ఏళ్ళు నిండాలి. ప్రవేశ పరీక్షలో కనీసార్హత సాధారణ అభ్యర్థులకు 50వ పర్సంటైలు అని నిబంధన. ఇక్కడ చాలమంది తడబడతారు. పర్సంటైలు అంటే శాతం కాదు. వెయ్యిమంది వ్రాశారనుకోండి, వారిలో సుమారు అయిదువందల మంది మీకు దిగువనుంటే మీరు 50వ పర్సంటైలులో ఉన్నట్లు. అది నూటికి ముప్పై మార్కుల దగ్గరైనా ఉండవచ్చు, అరవై దగ్గరైనా ఉండవచ్చు. ఆ గీత దాటినంత మాత్రాన సీటు రాదు. వరుసలో నిలబడే హక్కు మాత్రమే వస్తుంది.

దారులు కూడ ఒకటి కాదు. బి.ఎస్సి. నర్సింగు నాలుగేళ్ళు. జనరల్ నర్సింగు, అనగా జి.ఎన్.ఎం., మూడేళ్ళ డిప్లొమా. ఎ.ఎన్.ఎం. రెండేళ్ళు, అది స్త్రీలకే. ఎయిమ్స్ సంస్థల బి.ఎస్సి. ఆనర్స్ నర్సింగు పరీక్ష రెండు గంటల్లో నూరు ప్రశ్నలు. మూడు విజ్ఞాన శాస్త్రాలకు ముప్పై చొప్పున, సామాన్య పరిజ్ఞానానికి పది. తప్పు జవాబుకు మూడింట ఒక వంతు మార్కు కోత. సైనిక నర్సింగు సర్వీసు కాలేజీలు పుణె, కలకత్తా, ముంబై, ఢిల్లీ, లక్నో, బెంగుళూరులలో ఆరు ఉన్నాయి. అన్నింటిలో కలిపి 220 సీట్లు. యువతులకు మాత్రమే. 2022 నుండి అక్కడికి నీట్ మార్కు కావాలి. నీట్ అనగానే డాక్టరీ అని భయపడి మన పిల్లలు దరఖాస్తే పెట్టడం లేదు. నీట్ ప్రశ్నపత్రాన్ని తెలుగులో కూడ తీసుకోవచ్చునన్న సంగతి ఎందరికి తెలుసు? తెలంగాణ ఉమ్మడి పరీక్షలోనూ, దానికి ఇప్పుడు ఎప్‌సెట్ అని పేరు, ప్రశ్నలు ఆంగ్లంతో పాటు తెలుగులో కూడ ఉంటాయి. ఆ పరీక్షలో 160 ప్రశ్నలు. అందులో సగం, అంటే 80, వృక్ష, జంతు శాస్త్రాలవే. భౌతిక, రసాయన శాస్త్రాలకు నలుబది చొప్పున. తప్పుకు కోత లేదు. సమయం మూడు గంటలు.

ఈ కోత గురించి ఒక్క నిమిషం ఆగవలసియున్నది. కోత ఉన్నదని భయపడి తెలిసిన వాటిని కూడ వదిలివేసిన పిల్లలను చూశాను; కోత లేని పరీక్షలో ఇరవై ప్రశ్నలు ఖాళీగా విడిచి వచ్చిన పిల్లలనూ చూశాను. లెక్క చూడండి. ఎయిమ్స్ పద్ధతిలో ఏమీ తెలియని పన్నెండు ప్రశ్నలకు నాలుగు జవాబులలో ఏదో ఒకటి గుడ్డిగా పెట్టారనుకోండి. సగటున మూడు ఒప్పవుతాయి, తొమ్మిది తప్పవుతాయి. మూడు మార్కులు వచ్చాయి, తొమ్మిదికి మూడు పోయాయి, మిగిలినది సున్న. లాభమూ లేదు, నష్టమూ లేదు, కాలం మాత్రం పోయింది. కాని ఆ నాలుగు జవాబులలో ఒకటి ఖచ్చితంగా కాదని మీకు తెలిస్తే? పన్నెండులో సగటున నాలుగు ఒప్పు, ఎనిమిది తప్పు. నాలుగు వచ్చి రెండున్నర పైచిలుకు పోతుంది. దాదాపు ఒకటింబావు మార్కు మిగులుతుంది. రెండు జవాబులను కొట్టివేయగలిగితే లాభం ఇంకా పెద్దది. కనుక కోత ఉన్నచోట ఒక్క జవాబునైనా కొట్టివేయగలిగిన ప్రశ్నను వదలవద్దు. బొత్తిగా తెలియని దానిని ముట్టుకోవద్దు. కోత లేనిచోట ఒక్క ప్రశ్ననూ ఖాళీగా వదలవద్దు. ఇది జూదం కాదు, లెక్క.

కాలం విషయం మన ఆర్.ఎం.ఎస్. సోదరులను అడిగి నేర్చుకోండి. కదిలే బండిలో గళ్ళ ఎదుట నిలబడి ఉత్తరాలు వేరుచేసినవారు ఈ హాలులో ఉన్నారు. చిరునామా అర్థంకాని ఉత్తరం చేతికి వస్తే దానిని పట్టుకొని ఎవరూ నిలబడిపోరు. పక్కన పెడతారు; తెలిసినవి గళ్ళలో వేసేస్తారు; తరువాత దానిని తీసుకుంటారు. స్టేషను వచ్చే లోపల సంచి కట్టాలి గదా! ప్రశ్నపత్రం కూడ అంతే. ఎయిమ్స్‌లో ప్రశ్నకు 72 సెకండ్లు, ఎప్‌సెట్‌లో దాదాపు 67 సెకండ్లు. 2025 నాటి నీట్‌లో 180 ప్రశ్నలకు 180 నిమిషాలు, అంటే సరిగ్గా నిమిషం. మొదటి విడత తెలిసినవి. రెండవ విడత లెక్క చేయవలసినవి. మూడవ విడత అనుమానమున్నవి. జీవశాస్త్రంతో మొదలుపెట్టండి. అక్కడ జవాబు వచ్చినా రాకున్నా తొందరగా తెలిసిపోతుంది. మిగిలిన కాలం భౌతిక శాస్త్రపు లెక్కలకు ఉంటుంది.

మన పిల్లలలో చాలమంది తెలుగు మాధ్యమం వారు. వారికి విషయం తెలుసు, పేరు తెలియదు. "ద్రవాభిసరణం" అంటే చక్కగా వివరించగల అమ్మాయి "ఆస్మాసిస్" అన్న మాట తెర మీద కనబడగానే అది మరేదో అనుకొని వదిలివేస్తుంది. దీనికి ఖరీదైన శిక్షణ అక్కరలేదు. నూరు పుటల నోటుపుస్తకం, మధ్యలో ఒక గీత. ఎడమ వైపు ధమని, కుడి వైపు ఆర్టరీ. ఎడమ వైపు సిర, కుడి వైపు వెయిన్. విసరణం, డిఫ్యూజన్. మూత్రపిండం, కిడ్నీ. నాడీకణం, న్యూరాన్. కిరణజన్య సంయోగక్రియ, ఫోటోసింథసిస్. రోజుకు పది మాటలు వ్రాస్తే మూడు నెలలలో తొమ్మిది వందలవుతాయి. ఏ పుస్తకాలు చదవాలని అడుగుతున్నారు. రాష్ట్ర పరీక్షకు తెలుగు అకాడమి వారి ఇంటరు పుస్తకాలు, రెండు సంవత్సరాలవీ. నీట్, ఎయిమ్స్ వంటి వాటికి ఎన్.సి.ఇ.ఆర్.టి. వారి పుస్తకాలు. వాటిని మూడుసార్లు చదివిన తరువాతనే మార్కెటులోని లావుపాటి గైడ్ల వైపు చూడండి. చాలమందికి ఆ అవసరమే రాదు.

నర్సింగు చదివేదానికి భౌతిక శాస్త్రమెందుకు, రసాయన శాస్త్రమెందుకు అని ఒక తల్లి నన్ను అడిగింది. న్యాయమైన ప్రశ్న. ఆసుపత్రిలో పనిచేసే ఒక సీనియర్ నర్సమ్మను అడిగితే ఆమె చెప్పిన లెక్క ఇది. రోగికి వెయ్యి మిల్లీలీటర్ల సెలైను ఎనిమిది గంటలలో ఎక్కించాలి. ఆ గొట్టంలో ఇరవై చుక్కలు పడితే ఒక మిల్లీలీటరు. నిమిషానికి ఎన్ని చుక్కలు పడేటట్లు చక్రం తిప్పాలి? వెయ్యిని ఇరవైతో హెచ్చవేస్తే ఇరవై వేల చుక్కలు. ఎనిమిది గంటలంటే 480 నిమిషాలు. భాగిస్తే సుమారు 42. ఈ లెక్క తప్పితే మార్కు పోదు, మనిషి పోవచ్చు. సీసాను ఎత్తున ఎందుకు వ్రేలాడదీస్తారన్నది భౌతిక శాస్త్రం. సెలైనులో ఉప్పు 0.9 శాతమే ఎందుకు ఉండాలి, మంచినీళ్ళు నరంలోకి ఎందుకు ఎక్కించరు అన్నది ఆ ద్రవాభిసరణమే. రక్తపు పి.హెచ్. 7.35, 7.45 ల మధ్య ఉండాలన్నది రసాయన శాస్త్రం. పుస్తకాన్ని ఈ విధంగా చదివితే బట్టీ పట్టవలసిన పని సగం తగ్గుతుంది.

మరి అభిరుచి పరీక్షకు ఏమి చదవాలి? దానికి పుస్తకం లేదు. మందు వేసుకోనని మొరాయించే వృద్ధునితో ఎలా మాట్లాడతావు, ఒక రోగి రహస్యం మరొక బంధువు అడిగితే చెబుతావా, ఒకేసారి ఇద్దరు పిలిస్తే ముందు ఎవరి దగ్గరకు వెళ్తావు, ఇటువంటి విషయాల చుట్టూ ఆలోచన సాగాలి. మంచానపడిన నాయనమ్మకు పక్క మార్చిన పిల్లకు ఇందులో సగం తెలుసు.

ఇప్పుడు తల్లిదండ్రులతో రెండు మాటలు. కొంచెం కటువుగా ఉంటే మన్నించండి. "నర్సు పనికి మా అమ్మాయినా? రాత్రి డ్యూటీలు చేయాలట!" అని ఈ కాలనీలోనే విన్నాను. ఎవరు అంటున్నారు ఈ మాట? చలికాలంలో అర్ధరాత్రి లాంతరు పట్టుకొని పట్టాల వెంట గస్తీ తిరిగే వాళ్ళం. తెల్లవారుజామున రెండు గంటలకు తపాలా సంచులు దించుకునే వాళ్ళం. కేబినులో రాత్రంతా కళ్ళు మూయకుండా కూర్చునే వాళ్ళం. మన రాత్రి డ్యూటీ కుటుంబానికి అన్నం, కూతురి రాత్రి డ్యూటీ కుటుంబానికి అప్రతిష్ఠా? నా తండ్రి పట్టాల మీద పనిచేస్తూ కాలు విరిగి రైల్వే ఆసుపత్రిలో పడుకున్నప్పుడు నేను ఎనిమిదో తరగతి. రాత్రంతా ఆయన మంచం పక్కన వచ్చిపోతూ ఉన్న నర్సమ్మ కులం మేమెవరమూ అడగలేదు. ఆమెను ఏ వేళప్పుడు ఇంటికి పోతావమ్మా అని కూడ అడగలేదు.

1946లో భోర్ కమిటీ నివేదిక వచ్చేనాటికి ఈ దేశంలో దాదాపు ఏడువేల మంది నర్సులున్నారు. 43 వేల మంది ప్రజలకు ఒకరు. ఆ కొరతకు ఉన్న కారణాలలో ఒకటి, చేరేందుకు కావలసిన చదువు ఆడవారికి లేకపోవడం. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు మద్రాసులో ఆడపిల్లలను చేరదీసి కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షకు తయారుచేశారు. ఆంధ్ర మహిళా సభ పెరిగింది ఆ పని చుట్టూనే. తరువాత ఆమె కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు అధ్యక్షురాలై యుండగా, 1958లో, బడి మానేసిన స్త్రీలకు తక్కువ కాలంలో మెట్రిక్ స్థాయి చదువు చెప్పే తరగతులు మొదలయ్యాయి. నర్సులుగా, మంత్రసానులుగా, ఉపాధ్యాయినులుగా శిక్షణకు వెళ్ళే అర్హత వారికి కల్పించడం ఆ తరగతుల ఉద్దేశాలలో ఒకటి. ఈ రోజు మనం మొదలుపెడుతున్న పని కొత్తదేమీ కాదు.

ఇంకొక విషయం, ఇది తండ్రులకు. పరీక్షకు మూడు నెలలు ఇంట్లో నీళ్ళు పట్టడం, తమ్ముడికి అన్నం పెట్టడం, అంట్లు తోమడం ఆ అమ్మాయికి మాఫీ చేయండి. రెండు గదుల క్వార్టరులో, రాత్రి డ్యూటీ చేసిన మనిషి పగలు నిద్రపోతుంటే, టి.వి. మ్రోగుతుంటే, ఆ పిల్ల ఎక్కడ చదువుతుంది? అందుకనే ఈ ఇన్‌స్టిట్యూటు హాలు సాయంత్రం ఆరు నుండి తొమ్మిది వరకు తెరచి ఉంచేందుకు కమిటీ వారు అంగీకరించారు. కేరమ్ ఆడే మిత్రులు ఆ మూడు గంటలు వరండాలోకి జరగవలసి ఉంటుంది. వారు కూడ అంగీకరించారు, కొంచెం గొణిగినారు గాని.

కాగితాల సంగతి. ప్రతిభ లేక సీటు పోయిన పిల్లలకంటె కాగితం లేక సీటు పోయిన పిల్లలను నేను ఎక్కువ చూశాను. మన ఉద్యోగులకు ప్రత్యేకించి మూడు చిక్కులున్నాయి.

మొదటిది స్థానికత. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం తెలుగు రాష్ట్రాలలో 85 శాతం సీట్లు స్థానికులవి. స్థానికులంటే ప్రధానంగా అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్ళు అక్కడ చదివినవారు. మనకు బదిలీలు. ఖరగ్‌పూరులోనో, రాయ్‌పూరులోనో ఇంటరు చదివిన తెలుగు పిల్ల సొంత ఊరికి వస్తే స్థానికురాలు కాదు. అయితే మిగిలిన 15 శాతం సీట్లకు, దరఖాస్తు నాటికి ఆ రాష్ట్రంలో కేంద్ర ప్రభుత్వోద్యోగంలో ఉన్నవారి పిల్లలు పోటీ పడవచ్చును. తండ్రి లేక తల్లి అక్కడ ఉద్యోగంలో ఉన్నట్లు కార్యాలయం నుండి ధ్రువపత్రం తీసుకోవాలి. దీనిని అడిగి తీసుకోవడం తెలియక వదులుకున్నవారు ఎందరో. పదవ తరగతి పిల్లలున్నవారు బదిలీ కోరుకునే ముందు కూడ ఈ నాలుగేళ్ళ లెక్క చూసుకోండి.

రెండవది వెనుకబడిన తరగతుల పత్రం. రాష్ట్ర పరీక్షకు రాష్ట్రపు బి.సి. పత్రం సరిపోతుంది; కేంద్ర సంస్థలకు కేంద్ర నమూనాలో ఓ.బి.సి. నాన్ క్రీమీలేయర్ పత్రం కావాలి. రెండూ వేరు. "మీ నాన్న జీతం ఎనిమిది లక్షలు దాటింది, ఇవ్వము" అని త్రిప్పి పంపుతున్నారని ఫిర్యాదులు వస్తున్నాయి. 1993 సెప్టెంబరు 8 నాటి కేంద్ర ఉత్తర్వు ప్రకారం ఆ ఆదాయ పరిమితిలో జీతాన్ని, వ్యవసాయ ఆదాయాన్ని కలపకూడదు. ఉద్యోగులకు చూడవలసినది తల్లిదండ్రుల హోదా. గ్రూపు సి ఉద్యోగి కుమార్తె తండ్రి జీతం వల్ల క్రీమీలేయరు కాదు. ఆ ఉత్తర్వు ప్రతి చేతిలో పెట్టుకొని వెళ్ళండి. వినకపోతే మాకు చెప్పండి. ఆర్థికంగా బలహీన వర్గాల పత్రానికి మాత్రం ఈ నియమం లేదు. అక్కడ కుటుంబ జీతం కూడ కలుపుతారు. రెంటినీ కలగాపులగం చేయవద్దు.

మూడవది దళారులు. మన తపాలా సోదరుడొకరు పక్క రాష్ట్రపు కాలేజీలో సీటు ఇప్పిస్తానన్న మనిషికి కుమార్తె అసలు మెమోలన్నీ అప్పజెప్పాడు. చేరిన తరువాత ఆ కాలేజీకి బోధనాసుపత్రి లేదని తెలిసింది. వెనక్కు వస్తామంటే నాలుగేళ్ళ రుసుమూ కడితేనే మెమోలు ఇస్తామన్నారు. ఆ మెమోలు చేతికి రావడానికి మాకు అయిదు నెలలు, మూడు ప్రయాణాలు పట్టాయి. ఆ లోపల మరొక చోట ప్రవేశాల గడువు ముగిసింది. చేరే ముందు కాలేజీకి విశ్వవిద్యాలయ అనుబంధం, రాష్ట్ర నర్సింగు మండలి గుర్తింపు, భారతీయ నర్సింగు మండలి జాబితాలో పేరు, ఈ మూడూ ఆ సంవత్సరానికి ఉన్నవో లేవో చూడండి. ఎన్ని పడకల ఆసుపత్రి ఉన్నదో స్వయంగా వెళ్ళి చూడండి. పాసులు ఉన్నవి గదా మనకు!

ఖర్చు గురించి దాచవలసినది లేదు. పిల్లల విద్యా భత్యం మనకు 12వ తరగతితో ఆగిపోతున్నది. పదవ తరగతి తరువాత చేసే డిప్లొమాకు మాత్రం రెండేళ్ళు ఇస్తున్నారు. ఇంటరు తరువాత నర్సింగు చదివే పిల్లకు ఆ భత్యం లేదు. ఇది సరికాదని, కనీసం ఆరోగ్య వృత్తి విద్యలకైనా పొడిగించాలని మా అభిప్రాయం, అడుగుతూనే ఉంటాము. ఈలోగా రైల్వే సిబ్బంది ప్రయోజన నిధి నుండి, తపాలా శాఖ సంక్షేమ నిధి నుండి సాంకేతిక విద్యకు ఇచ్చే ఉపకార వేతనాల ప్రకటనలు నోటీసు బోర్డు మీద పడినప్పుడు గడువు లోపల పెట్టుకోండి.

చదువు పూర్తి అయిన తరువాత పూలబాట అని కూడ నేను చెప్పను. రైల్వేలో 2025 నాటి ప్రకటన ప్రకారం నర్సింగు సూపరింటెండెంటు ఉద్యోగం ఏడవ స్థాయిలో, 44,900 రూపాయల మూలవేతనంతో మొదలవుతున్నది; ఖాళీలు 272 మాత్రమే ప్రకటించారు. ప్రభుత్వ ఉద్యోగం దొరకనివారు ప్రైవేటు ఆసుపత్రులకు వెళ్ళవలసిందే. అక్కడి జీతాల గురించి సుప్రీంకోర్టు 2016లో ఇచ్చిన ఆదేశం మీద వేసిన కమిటీ, యాభై పడకల లోపు ఆసుపత్రిలో కూడ నర్సు జీతం ఇరవై వేలకు తగ్గరాదని, రెండువందల పడకలు మించితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఉండాలని సిఫారసు చేసింది. సిఫారసు కాగితం మీద ఉన్నది. దానిని జీతపు చీటీ మీదికి తేవడం మీ తరం మా తరం కలిసి చేయవలసిన పని. కాని అది వేరొక సభలో మాట్లాడుకుందాం. మీకు ముందు పరీక్ష ఉన్నది.

పరీక్ష రోజు సంగతి చెప్పి ముగిస్తాను. కేంద్రాన్ని ముందు రోజే వెళ్ళి చూసి రండి. నిమిషం ఆలస్యమైతే గేటు మూస్తారు. బండి సమయానికి వస్తుందని నమ్మి అదే రోజు ఉదయం బయలుదేరవద్దు. బండ్ల ఆలస్యం సంగతి మనకు ఒకరు చెప్పాలా? పరీక్షలు పెండ్లిండ్ల కాలంలో వస్తాయి. చేతులకు గోరింటాకు, మెహందీ పెట్టుకోవద్దు. వేలిముద్రల యంత్రం గుర్తుపట్టదు. ఈ ఒక్క మాట ఇంట్లో పెద్దమ్మలకు, పిన్నమ్మలకు ముందే చెప్పి పెట్టండి. కంప్యూటరు ముందు ఎన్నడూ కూర్చోనివారు సిగ్గుపడవద్దు. యూనియను కార్యాలయంలో రెండున్నాయి, ప్రతి ఆదివారం మధ్యాహ్నం మీకే వదిలివేస్తాము.

మొదటి తరగతి వచ్చే సోమవారం సాయంత్రం ఆరు గంటలకు, జీవశాస్త్రంతో. నూరు పుటల నోటుపుస్తకం ఒకటి, మధ్యలో గీత గీసి తెచ్చుకోండి. పదవ తరగతి మెమో, ఆధార్, కుల ధ్రువపత్రం నకళ్ళు కూడ తీసుకురండి. అక్షరదోషాలు, పుట్టిన తేదీ తేడాలు ఉన్నవో లేవో మా సహాయ కార్యదర్శి ఆ రోజే చూస్తారు. వెనుక నిలబడిన అబ్బాయిలు ముందుకు వచ్చి పేర్లు వ్రాయించుకోండి. మీ కొరకు కూడ కుర్చీలున్నాయి.